బట్టల్లేని ఫొటో ఎప్పుడు ఆర్టు, ఎప్పుడు బూతు? ల్యాబ్ వాడు ప్రింట్ కొట్టనన్నాడు

కెమెరా_దిల్‌సుఖ్‌నగర్:

అన్నలూ అక్కలూ, పోస్టు కొంచెం పెద్దదే, చాయ్ పెట్టుకుని చదవండి. నేను పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్ని, పదకొండేళ్ల నుంచి ఇదే పని. ఆషాఢంలో ముహూర్తాలుండవు కదా, ఆ నెలంతా లెన్సులు తుడుచుకుంటూ కూర్చోవడమే, ఈసారి ఆ ఖాళీలో ఎప్పట్నుంచో మనసులో ఉన్న పని ఒకటి చేశాను. మా ఆవిడ ఫ్రెండ్ ఒకామె ఉంది, నాటకాలేస్తుంది, 34 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. రెండో కాన్పు ఆపరేషన్ అయ్యాక తన ఒళ్లు తనకే కొత్తగా అనిపిస్తోందని, అద్దం ముందు నిలబడ్డమే మానేశానని, ఒకసారి బట్టల్లేకుండా ఫొటోలు తీసి చూపించమని తనే అడిగింది. మొదట నాకే భయమేసింది, మా ఆవిడే ధైర్యం చెప్పింది.

మా ఇంట్లోనే తీశాం, పొద్దున ఏడింటికి, తూర్పు కిటికీ దగ్గర సగం పరదా వేసి. రిఫ్లెక్టర్ పెడితే వెలుగు మరీ గట్టిగా కొడుతోందని మా ఆవిడ థర్మాకోల్ షీటు పట్టుకుని పక్కన నిలబడింది. చివరికి ఎనిమిది తేల్చాం, అన్నీ బ్లాక్ అండ్ వైట్. వీపు, భుజం, మడిచిన మోకాళ్లు, పొత్తికడుపు మీద ఆపరేషన్ గాటు, చుట్టూ కాన్పు చారలు. రెండింట్లో మొహం కనిపిస్తుంది. మేం ఆరుగురం కలిసి మాదాపూర్ వైపు చిన్న షో పెట్టుకుంటున్నాం, అందులో పెట్టడానికి ఆమె ఒప్పుకుంది.

ఇక కథ ఏంటంటే, కోఠిలో నేను ఏళ్లుగా ఆల్బమ్‌లు కొట్టించే ల్యాబ్‌కి పోయి పెన్‌డ్రైవ్ ఇచ్చి, కింద చాయ్ తాగడానికి పోయా, ఒక పదిహేను నిమిషాలు అంతే. పైకొచ్చేసరికి మానిటర్ గోడవైపు తిప్పేసి ఉంది, కుర్రాళ్లిద్దరూ నన్ను చూసి తల దించుకుని నవ్వుతున్నారు, ఓనర్ బయటికొచ్చి, అన్నా మీరు పాత కస్టమరు, గౌరవం ఉంది, కానీ ఇసుంటి బూతు బొమ్మలు మా దగ్గర కొట్టం, ఆడపిల్లలు పనిచేస్తున్నరు ఇక్కడ అన్నాడు. పెన్‌డ్రైవ్‌ని కవర్లో వేసి రెండు వేళ్లతో ఇచ్చాడండీ, చచ్చిన ఎలకని తోక పట్టుకుని ఇచ్చినట్టు.

నాలుగు రోజులైంది, నిద్ర పట్టట్లేదు. నేను తీసింది బూతా? కాదని నాకు తెలుసు, కానీ ఎందుకు కాదో ఆ ఓనర్‌కి చెప్పమంటే నా దగ్గర మాటల్లేవు. గీత ఎక్కడుందో తెలిసినవాళ్లు చెప్పండి.

బ్యాచిలర్_అమీర్‌పేట్:

ముందు ఫొటోలు పెట్టు బ్రో, చూసి చెప్తాం 😄

కెమెరా_దిల్‌సుఖ్‌నగర్:

ఇదిగో, ఇందుకే పెట్టలేదు.

నాంపల్లి_నల్లకోటు:

తమ్ముడూ, లా వరకూ నేను చెప్తా, మిగతాది కళాకారులు చూసుకుంటారు.

మన దేశంలో చాలాకాలం నడిచింది 1868 నాటి ఒక ఇంగ్లండు కేసులో పుట్టిన కొలత, హిక్లిన్ టెస్ట్ అంటారు. చెడిపోయే మనసు ఎవడికైనా ఉంటే, వాడి చేతికి ఇది దొరికితే వాడు ఇంకా చెడతాడా అన్నది ఆ కొలత. అంటే ఊళ్లో అందరికంటే బలహీనుణ్ణి పట్టుకొచ్చి వాడి కళ్లతో చూసి తీర్పు చెప్పడం అన్నమాట. 1964లో రంజిత్ ఉదేశి కేసులో మన సుప్రీంకోర్టు కూడా దాన్నే పట్టుకుంది. వదిలిపెట్టింది 2014లో, అవీక్ సర్కార్ కేసులో. ఆ కేసు నీకు సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే అదీ ఒక న్యూడ్ ఫొటో గొడవే. టెన్నిస్ బోరిస్ బెకర్, అతను పెళ్లి చేసుకోబోతున్న నల్లజాతి అమ్మాయి, ఇద్దరూ బట్టల్లేకుండా ఉన్న ఫొటో ఒక జర్మన్ పత్రికలో వచ్చింది, దాన్ని కలకత్తా పత్రికలు 1993లో మళ్లీ వేశాయి. ఒక లాయరే కేసు పెట్టాడు (మావాళ్లు ఊరుకోరుగా). ఆ ఫొటో తీసిందెవరో తెలుసా, ఆ అమ్మాయి సొంత తండ్రి. జాతి వివక్ష మీద వాళ్లిద్దరూ ఇచ్చిన జవాబు అది. కోర్టు ఏమందంటే, ఆడమనిషి బట్టల్లేని బొమ్మ అయినంత మాత్రాన అది అశ్లీలం కాదు, కామం రేపేలా ఉందా లేదా, మొత్తంగా ఏం చెప్తోంది, ఈ కాలపు మామూలు మనుషుల కొలతలో ఎలా ఉంది, ఇవన్నీ చూడాలి అంది.

ఇప్పుడు అశ్లీలం మీద ఉన్న ఐపీసీ 292 సెక్షన్ పోయి 2024 జులై 1 నుంచి దాని బదులొచ్చిన భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్)లో 294 అయింది, ఆన్‌లైన్లో పెడితే ఐటీ చట్టం 67 కూడా తగులుతుంది. రెండింట్లోనూ సైన్సు, సాహిత్యం, కళ, విద్య కోసం అయితే మినహాయింపు ఉంది. అదే ఏడాది అక్టోబరులో బొంబాయి హైకోర్టు, ఎఫ్.ఎన్. సూజా, అక్బర్ పదంసీ గీసిన బొమ్మల్ని అశ్లీలమని కస్టమ్స్ వాళ్లు పట్టుకుంటే వాళ్లని కడిగిపారేసి, ప్రతి నగ్నచిత్రమూ అశ్లీలం కాదని చెప్పి విడిపించింది.

కానీ గెలవడం వేరు, స్టేషన్ మెట్లెక్కకపోవడం వేరు. 1995లో మిలింద్ సోమన్, మధు సప్రే ఒక బూట్ల యాడ్ చేశారు, ఒంటి మీద బూట్లూ ఒక కొండచిలువా తప్ప ఏమీ లేవు, ఆ కేసు 2009 దాకా నడిచింది. నిర్దోషులే, కానీ పద్నాలుగేళ్లు. కాబట్టి ఆమె వయసు రుజువు కాపీ, సంతకం చేసిన ఒప్పందం, అందులో ఎక్కడ చూపించొచ్చు ఎక్కడ కూడదు స్పష్టంగా రాసుకో. నోటిమాట చాలదు. పద్దెనిమిది నిండనివాళ్ల విషయంలో అసలు ఆర్టు అన్న మాటే చెల్లదు, అది నీకు కాదు, చదివేవాళ్ల కోసం చెప్తున్నా.

బేగంబజార్_భాయ్:

వకీల్ సాబ్ మంచిగ చెప్పిండు కాని నేనొకటి అంటా, కోపం చెయ్యకుండ్రి. ఈ ముచ్చట ఎప్పుడొచ్చినా ఎవరో ఒకడు రామప్ప గుడి చూడలేదా, ఆడి మదనికలు చూడలేదా అంటడు, లేకుంటె సాలార్‌జంగ్ మ్యూజియంల ముసుగు రెబెకా ముంగట పిల్లజెల్లతోని సెల్ఫీలు దిగుతలేరా అంటడు. చూసినమయ్యా. కాని రాయికి ఆధార్ కార్డు ఉండదు. మదనికకు వనస్థలిపురంల మేనత్త ఉండదు, రేపు దాని కొడుకు ఇస్కూల్ల పోరగాళ్లు ఫోన్ చూపించి ఎక్కిరించరు. ఫొటోల ఉన్నది ఒక మనిషి, పేరున్న మనిషి. బొమ్మతోని ఫొటోను ఒక్క తక్కెడల ఎయ్యద్దు.

ఇంకోటి, ఆర్టు అన్న మాటను అడ్డం పెట్టుకొని ఎంత నడుస్తదో నేను చూసిన. మా అన్న బిడ్డ సినిమాలల్ల చెయ్యాలని తిరిగే రోజులల్ల కృష్ణానగర్ల ఒకడు బోల్డ్ పోర్ట్‌ఫోలియో అని, అంతా ఆర్టిస్టిక్ ఉంటదమ్మా, పెద్ద డైరెక్టర్లు గివే అడుగుతరు అని రూముకు రమ్మన్నడు. నల్ల పరదా, పెద్ద లైట్లు, అంతా ఆర్టు లెక్కనే ఉండె. పిల్ల తెలివిగల్లది, మా వదినెను తోల్కపోయింది. వదినెను చూడంగనే వానికి ఆ దినం కెమెరా ఖరాబైంది. గంతే. అప్పటి సంది ఎవడన్న ఆర్టు అంటె నాకు ముందుగాల గా పరదా యాదికొస్తది.

నువ్వు గసుంటోనివని అంటలేను తమ్మి. నీ ఇంటామె పక్కనుంది, ఆ ముచ్చటే నాకు నచ్చింది.

డార్క్‌రూమ్_బాబాయ్:

బేగంబజార్ ఆయన పరదా కథ బాగా చెప్పారు. నేను రిటైరయినవాణ్ణి, నలభై ఏళ్లు ఫిల్ము కడిగిన చేతులు. కొన్ని అపోహలు ముందు తీసేస్తాను.

బ్లాక్ అండ్ వైట్ చేస్తే ఆర్టయిపోదు బాబూ. మొహం కోసేస్తే ఆర్టయిపోదు, నిజానికి మొహం లేని ఒళ్లు ఒక్కోసారి ఇంకా ఘోరం, మాంసం కొట్టులో వేలాడేదానిలా ఉంటుంది. మసక లైటింగూ అంతే. ఇవన్నీ ఇప్పుడు ఫోన్లో ఒక్క నొక్కుతో వస్తాయి.

నాకు తెలిసిన మంచి ఉదాహరణ ఎడ్వర్డ్ వెస్టన్ 1936లో తీసింది. కారిస్ విల్సన్ అనే ఆవిడ నేల మీద కూర్చుని, మోకాళ్లు పైకి మడిచి, చేతులు చుట్టుకుని తల వంచేసి ఉంటుంది, వాకిట్లో ఎండ. పూర్తిగా నగ్నం, కానీ మొహం కనపడదు, దాచాల్సినవి వాటంతటవే దాక్కున్నాయి. తమాషా ఏమిటంటే అంత గొప్ప ఫొటో మీద వాళ్లిద్దరికీ అసంతృప్తే. వెస్టన్‌కి కుడిచేతి మీద పడ్డ నీడ నచ్చలేదు, ఆవిడకి తన పాపిట వంకరగా ఉండడం, జడపిన్నులు కనపడ్డం నచ్చలేదు. నేను మొదటిసారి ఆ ఫొటో చూసినప్పుడు ఆ పిన్నుల దగ్గరే ఆగిపోయాను. చలికో సిగ్గుకో ముడుచుకున్న మనిషి, పొద్దున తల దువ్వుకుని పిన్ను పెట్టుకుని వచ్చిన మనిషి అని అప్పుడు తెలిసింది. బూతు బొమ్మలో జడపిన్ను ఎవడూ చూడడు, చూసే తీరికే ఇవ్వదది. వచ్చిన పని అయిపోగానే పేజీ తిప్పేస్తాడు. ఇదే వెస్టన్ 1930లో ఒక బుట్టమిరపకాయని తీశాడు, దాని వంపులు చూస్తే మనిషి వీపు గుర్తొస్తుంది, అంటే మిరపకాయనీ మనిషినీ ఒకే శ్రద్ధతో చూశాడు.

ఇన్‌స్టాలో చూడండి, రంగులతో గీసిన బొమ్మైనా శిల్పమైనా నగ్నంగా ఉండొచ్చంటారు, ఫొటో అయితే కుదరదంటారు. రూలు మొరటుగా ఉందనిపిస్తుంది గానీ బేగంబజార్ ఆయన ఆధార్ కార్డు మాటే అది, ఇంకోలా చెప్పారు.

మన ఊళ్లో ఈ భయం కొత్తదేం కాదు. ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లోనే హైదరాబాదులో జనానా స్టూడియో పెట్టారు, పరదా పాటించే ఆడవాళ్ల కోసం. అది నడిపింది ఒక ఇంగ్లీషావిడ. అక్కడ నగ్నం కాదు సరికదా, మొహం చూపించడమే పెద్ద విషయం. అయినా తీసేది ఎవరు, గదిలో ఎవరున్నారు అన్నది ఆ రోజుల్లోనే లెక్క చూసుకున్నారు.

చిక్కడపల్లి_పాతపుస్తకం:

బాబాయ్ గారూ, ఇంకోటి కలపండి. పద్దెనిమిదో శతాబ్దపు కవయిత్రి ముద్దుపళని పద్యాల్ని బెంగుళూరు నాగరత్నమ్మ గారు 1910లో పూర్తిగా అచ్చేయిస్తే బ్రిటిష్ వాళ్లు అశ్లీలమని నిషేధించారు, మనవాళ్లలో పెద్దపెద్దవాళ్లే ఛీ అన్నారు, చివరికి ప్రకాశం పంతులు గారి హయాంలో 1947లో నిషేధం ఎత్తేశారు. బూతు అన్న ముద్ర ఎవరు వేస్తారు, ఎవరి రాతల మీద వేస్తారు అన్నది కూడా చూడాలి. మగకవులు అంతకంటే పచ్చిగా రాసినవి దర్జాగా అచ్చవుతూనే ఉన్నాయి మరి.

మట్టిబొమ్మ:

ఇన్ని రిప్లైలు చదివా, ఒక్కరు కూడా ఆమె వైపు నుంచి అడగలేదు. నేను మాట్లాడొచ్చు, ఎందుకంటే నేను కూర్చున్నదాన్ని. మూడేళ్లు ఒక ప్రైవేటు డ్రాయింగ్ గ్రూపులో లైఫ్ మోడల్‌గా చేశా (బట్టల్లేకుండా కూర్చుంటే చూసి గీస్తారు), డబ్బు అవసరమై మొదలుపెట్టా, తర్వాత అలవాటైంది. ఇంట్లో ట్యూషన్ అని చెప్పా, ఇప్పటికీ అంతే తెలుసు.

ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చోవాలి, ఐదు నిమిషాలు రెస్టు. రెస్టులో వెంటనే గౌను కప్పుకుంటాం, అది రూలు. ఫోన్లన్నీ తలుపు దగ్గర ప్లాస్టిక్ బక్కెట్లో వేసి రావాలి. పోజు సరిచెయ్యాలంటే సార్ నోటితో చెప్తారు, మోచెయ్యి కొంచెం పైకమ్మా అని, చెయ్యి మాత్రం వెయ్యరు. జనవరిలో ఇనప స్టూలు ఎంత చల్లగా ఉంటుందో మీకెవరికీ తెలీదు. మొదటి ఐదు నిమిషాలు గీసేవాళ్లకి సిగ్గు, తర్వాత వాళ్ల బాధ వేరే అయిపోతుంది, మోకాలు ముందుకొచ్చింది, తొడ పొట్టిగా కనిపిస్తోంది, ఎంత గీసినా కుదరట్లేదు అని రబ్బరుతో కాగితం చింపేసుకుంటుంటారు. అప్పుడు నేను వాళ్లకి ఆడదాన్ని కాదు, కుదరని లెక్కని. ఒక్కడు ఉండేవాడు, వాడి చూపు నా మీద నుంచి కాగితం మీదికి పోయేది కాదు. మిగతా పదకొండు మంది తలలు పైకీ కిందకీ ఆడుతుంటే వాడి తల ఒక్కటే ఆగిపోయి ఉండేది. సార్‌కి చెప్పా, మరుసటి వారం వాడు లేడు. గది అదే, వెలుగు అదే, నేను అదే. వాడి వరకూ అది బూతే.

అందుకని గీత ఫొటోలో వెతక్కండి అంటా. సరే, ఇప్పుడు అసలు విషయం. కెమెరా అన్నా, నీ పోస్టులో నాకు గుండె ఆగినంత పనయింది ఎక్కడో తెలుసా, ల్యాబ్ వాడు బూతు అన్న దగ్గర కాదు. పెన్‌డ్రైవ్ ఇచ్చి చాయ్‌కి పోయా అన్న దగ్గర. పదిహేను నిమిషాలు. ఇద్దరు కుర్రాళ్లు నవ్వుతున్నారు. మొహం కనిపించే ఫొటోలు రెండున్నాయి. నువ్వు నీ ఫొటో ఆర్టా కాదా అని నాలుగు రోజులు నిద్ర మానుకున్నావు, ఆ ఫైళ్లు ఇప్పుడు ఆ సిస్టంలో ఉన్నాయా, ఎవడి ఫోన్లో ఉన్నాయో అని ఒక్కసారైనా అనిపించిందా? నీ కిటికీ దగ్గర తీసినప్పుడు అది ఆర్టే, కాదనను. వాడి ఫోన్లోకి ఎక్కితే అదే ఫొటో, ఒక్క చుక్క మారకుండా, బూతయిపోతుంది. ఆమెకి చెప్పావా అసలు?

నాంపల్లి_నల్లకోటు:

ఈ చెల్లెలు అడిగింది నేను అడగాల్సింది, తప్పయింది. తమ్ముడూ, కాపీ చేసి ఎవడైనా పంపాడని తేలితే ఐటీ చట్టం 66ఈ ఉంది. బీఎన్‌ఎస్ 77 కూడా చూడు, తీయడానికి ఒప్పుకున్నా పంచడానికి ఒప్పుకోకపోతే పంచినవాడిదే నేరం అని అందులో స్పష్టంగా ఉంది. ఆన్‌లైన్లో కనపడితే సైబర్ క్రైమ్ నంబరు 1930కి ఫోన్ చెయ్యి, షీ టీమ్స్ కూడా ఉన్నాయి. కానీ ముందు ఆమెకి చెప్పు, ఈ రోజే చెప్పు.

కెమెరా_దిల్‌సుఖ్‌నగర్:

చెప్పలేదక్కా. నిజంగా తట్టలేదు. చదివాక చేతులు వణికాయి.

బేగంబజార్_భాయ్:

ఏం గాదు తమ్మి. పో. ఇంటామెను తోల్కొని పో.

కెమెరా_దిల్‌సుఖ్‌నగర్:

పది రోజుల తర్వాత రాస్తున్నా, ఏమైందని మెసేజీలు పెట్టినవాళ్ల కోసం.

ఆ రోజు సాయంత్రమే ఇద్దరం ఆమె ఇంటికి వెళ్లి చెప్పాం. ఒక రెండు నిమిషాలు ఏం మాట్లాడలేదు, తర్వాత నన్ను తిట్టింది, బాగానే తిట్టింది, ఒళ్లు చూపించడానికి భయపడలేదు గానీ నీ మతిమరుపుకి భయపడాల్సొచ్చింది అంది. రేపు ల్యాబ్‌కి నేనూ వస్తా అంది. వద్దన్నాం, వినలేదు.

మర్నాడు ముగ్గురం పోయాం. ఓనర్‌కి మొదట అర్థం కాలేదు, మళ్లీ ప్రింట్లు కొట్టమని వచ్చామేమో అనుకున్నాడు. ఆ ఫొటోల్లో ఉన్నది నేనే, మీ సిస్టంలో ఉన్నాయేమో నా ముందు వెతకండి అందామె, గొంతు పెంచకుండా. ఆయన మొహం పాలిపోయింది. మొన్న రెండు వేళ్లతో కవర్ ఇచ్చినాయన కుర్చీ లాగి కూర్చోమన్నాడు. వెతికితే డెస్క్‌టాప్ మీద కొత్త ఫోల్డర్ అనే పేరుతో ఎనిమిదీ ఉన్నాయి. ప్రింట్ కొట్టనన్నాయన సిస్టంలో కాపీ ఎందుకుందో ఓనర్‌కే తెలీదు. కుర్రాళ్ల ఫోన్లు ఆయనే తీసుకుని మా ముందు చూశాడు, గ్యాలరీ, వాట్సాప్, తీసేసిన ఫొటోల ఫోల్డర్ కూడా. ఒకడి దగ్గర రెండున్నాయి, మానిటర్‌ని ఫోన్‌తో తీసినవి, ఎవరికీ పంపలేదని ఏడ్చాడు. చాట్లు చూశాం, పంపినట్టు కనపడలేదు. పందొమ్మిదేళ్లుంటాయేమో వాడికి. ఆమె వాడి చేతికే ఫోన్ ఇచ్చి, నువ్వే డిలీట్ చెయ్యి, నేను చూస్తా అంది. చేశాడు. కంప్లైంట్ ఇద్దామా అంటే ఇంకా ఆలోచించుకుంటున్నా అంది, నల్లకోటు అన్న నంబరు ఆమె దగ్గరే ఉంది.

ప్రింట్లు చివరికి డార్క్‌రూమ్ బాబాయ్ గారింట్లో వాళ్ల ఇంక్‌జెట్ మీద కొట్టాం, థాంక్స్ బాబాయ్. తలుపేసుకుని ముగ్గురం కూర్చుని ఒక్కొక్కటీ చూశాం. ఒప్పందం కాగితం ఈసారి ఆమే రాసుకొచ్చింది, షోలో గోడ మీద తప్ప ఇంకెక్కడా కాదు, చూసేవాళ్లు ఫోన్లో తీయకూడదు అని. మట్టిబొమ్మ అక్కా, గ్యాలరీ వాకిట్లో ప్లాస్టిక్ బక్కెట్ పెడుతున్నాం. మొహం ఉన్న రెండూ పక్కకి తీసేసింది, మోకాళ్లది కూడా వద్దంది, ఎందుకో నేను అడగలేదు. మిగిలినవి ఐదు. నేను అన్నీ ఒకే సైజు అనుకున్నా, ఆమె మాత్రం ఆపరేషన్ గాటు ఉన్నది అన్నిటికంటే పెద్దగా, ఇరవై బై ముప్పై కావాలంది.